ఈ పూట బంటి ఎవరిది?

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటిస్తాను. క్రిస్మస్ నుంచి కనుమ దాకా ఒక్కో రోజుకు రెండు గడులు, పగలొకటి, రాత్రొకటి. ఒక్కో గడిలో ఒక మనిషి పేరు. ఆ పూట మా రెండు కుక్కల తిండి, నీళ్లు, గేటు, బయటికి తిప్పడం అన్నీ ఆ మనిషివే. ఇంటికొచ్చిన చుట్టాల పేర్లు కూడా రాస్తాను, ఎవరినీ వదలను.

ఈ పద్ధతి నాకు ఒక చేదు అనుభవం నేర్పింది. మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు. బంటి లాబ్రడార్, 11 ఏళ్ల ముసలిది. మా అబ్బాయి చదువుకునేటప్పుడు తెచ్చుకుని, ఉద్యోగానికి బెంగళూరు పోతూ నా దగ్గర వదిలిపెట్టాడు. చిట్టి నాటు కుక్క, నల్లది, వీధిలో దొరికిన పిల్ల. మూడేళ్ల కిందట సంక్రాంతికి ఇంట్లో 14 మందిమి ఉన్నాం. భోగి తెల్లవారుజామున నాలుగున్నరకు అందరం మంట దగ్గరికి బయటికొచ్చాం. పిల్లలు పలకలు (చిన్న డప్పులు) కొట్టడం మొదలుపెట్టారు. పావుగంట తర్వాత చూస్తే చిట్టి లేదు.

"నువ్వు కట్టేసింటావనుకుంటి పెద్దమ్మా" అన్నాడు మా చెల్లెలి కొడుకు. నేను వాడు కట్టేసి ఉంటాడనుకున్నాను. మా ఆయన నేను గదిలో పెట్టి ఉంటాననుకున్నారు. 14 మంది ఉన్న ఇంట్లో ఆ పూట చిట్టికి ఎవరూ లేరు. కనుమ సాయంత్రం పూలమ్మే ఆమె ఒకామె వచ్చి చెప్పింది: "అక్కా, మీ నల్లకుక్క మాదిరి ఒకటి మా వీధిలో బండి కింద పండుకోనుండాది. పిలిస్తే రాలేదు, ఊరికే చూస్తా ఉండాది." ఆ రెండున్నర రోజులు నేను పొంగలి రుచి చూడలేదు.

అందుకే మొదటి మాట ఇదే చెబుతాను. మామూలు రోజుల్లో కుక్కను చూసుకునేది ఒకరో ఇద్దరో ఉంటారు. పండగ రోజు చేతులు ఎక్కువవుతాయి, చూపు తగ్గుతుంది. ముందు మనిషిని నిర్ణయించండి. మిగతా జాగ్రత్తలన్నీ ఆ మనిషి ఉంటేనే జరుగుతాయి.

మెడకు పట్టీ, పట్టీకి బిళ్ల, బిళ్ల మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. స్కూటర్ తాళాలు చేసేవాళ్ల దగ్గర, కప్పుల మీద పేర్లు చెక్కేవాళ్ల దగ్గర చిన్న రేకు బిళ్ల మీద చెక్కిస్తారు. చిట్టికి ఆ రోజు బిళ్ల ఉండి ఉంటే మొదటి రోజే ఫోన్ వచ్చేది. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. అంతకంటే వదులైతే భయపడి వెనక్కి లాగినప్పుడు తల జారిపోతుంది. ఇప్పటి రూపం తెలిసేలా ఫోటోలు రెండు ఫోన్లో ఉంచుకోండి. గేటు లోపలివైపు "కుక్క ఉంది, గడియ పెట్టండి" అని పెద్ద అక్షరాలతో రాసి కట్టండి. బయటివైపు బోర్డు అందరూ పెడతారు. మనకు కావలసింది లోపలి నుంచి బయటికి పోయేవాళ్లు చదివేది.

ఇక తిండి సంగతి. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే.

మనం అనుకునే ప్రమాదం కోడి ఎముకలు. అది నిజమే, దాని దగ్గరికి వస్తాను. కానీ మా బంటిని నిజంగా భయపెట్టింది చక్కెర పొంగలి. ఊరి నుంచి వచ్చిన పిల్ల ముద్దుగా తన గిన్నెలోది పెట్టింది. అందులో ఎండుద్రాక్ష ఉంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒక కుక్క పిడికెడు తిన్నా తట్టుకోవచ్చు, ఇంకో కుక్కకు కొద్దిగానే హాని జరగొచ్చు. ఏ కుక్కకు ఎంతైతే ప్రమాదమో ముందుగా చెప్పడానికి లేదు. అందుకని "కొంచెమే కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు. మొదటి రోజు వాంతులు, నీరసం కనబడతాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోవచ్చు. అప్పటికి ఆలస్యమైనట్టే.

మన ఇళ్లల్లో దీనికి ఇంకో ముడి ఉంది. ద్రాక్షలో విషానికి కారణం టార్టారిక్ ఆమ్లం అయివుంటుందని పశువైద్యులు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతిని 2022లో అమెరికా పశువైద్యులు ఒక వైద్య పత్రికలో రాశారు. పులిహోర, పులుసు, రసం కలిపిన అన్నం మన వాకిట్లో కుక్కకు పెట్టడం ఎంత మామూలో మీకు తెలుసు. నేను కూడా ఏళ్ల తరబడి పెట్టాను. ఇప్పుడు మానేశాను. పులిహోర గిన్నె అడుగున మిగిలిన గుజ్జు, చింతపండు పిసికిన పిప్పి అసలు పెట్టకండి. పిప్పిని చెత్తబుట్టలో వేసి మూత పెట్టండి.

ఉల్లిపాయ, వెల్లుల్లి రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. కాబట్టి అలసంద వడ, ఉల్లి వేసిన నిప్పట్లు, కోడిపులుసు మసాలా ఇవన్నీ పక్కకే. తిన్న రోజు ఏమీ కనబడదు, రెండు మూడు రోజులకు చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ఎర్రబడుతుంది. ఈలోగా మనం ఏం పెట్టామో మరిచిపోతాం.

క్రిస్మస్‌కు పక్కింటివాళ్లు పంపే ప్లమ్ కేకులో ఎండుద్రాక్ష ఉంటుంది, ఒక్కోసారి రమ్ము కూడా ఉంటుంది. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది, కుక్క ఒళ్లు దాన్ని త్వరగా బయటికి పంపలేదు. పాల చాక్లెట్ కంటే నల్ల చాక్లెట్, దానికంటే కోకో పొడి ప్రమాదం. షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం తెచ్చే "షుగర్ ఫ్రీ" మిఠాయిలు, చూయింగ్ గమ్ డబ్బాల మీద జైలిటాల్ అని ఉందేమో చూడండి. అది కుక్క రక్తంలో చక్కెరను అరగంట, గంటలోనే పడగొట్టగలదు. చుట్టాల బ్యాగులు నేల మీద ఉండకూడదు. కొక్కేనికి తగిలించండి, లేదా బీరువా పైన పెట్టండి. వాటిలో మాత్రలూ ఉంటాయి. మనం ఒళ్లు నొప్పులకు వేసుకునే ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కుక్కకు మనంతట మనం ఇవ్వనే కూడదు.

కనుమ రోజు ఎముకలు. ఉడికిన ఎముక నిలువునా చీలి సూదిలా అవుతుంది. గొంతులో దిగితే గొంతు, పేగులో దిగితే పేగు చిరుగుతుంది. విస్తళ్లు తీసే మనిషికి ముందే చెప్పి, ఎముకలను ఒక కవర్లో మూటగట్టి మూత ఉన్న డబ్బాలో వేయించండి. చెరకు పిప్పి, మొక్కజొన్న కంకి బొండు కూడా పేగుకు అడ్డం పడతాయి. అరిసెలు, కజ్జికాయల్లాంటి నూనె పిండివంటలు ఎక్కువైతే క్లోమం వాచి కడుపునొప్పితో నడుం వంచి నిలబడుతుంది.

మరి పండగ రోజు దానికేం పెట్టాలి? నేను పొద్దున్నే ఉప్పు, మసాలా లేకుండా కోడి మాంసం ఎముకలు తీసేసి ఉడికిస్తాను. అందులో కొంచెం రాగి సంగటి, ఉడికిన గుమ్మడికాయ ముక్కలు కలిపి ఒక డబ్బాలో పెడతాను. డబ్బా మీద "బంటి, చిట్టి" అని రాసి ఉంటుంది. పిల్లలకు కుక్కకు పెట్టాలనే ఆశ ఉంటుంది, దాన్ని కాదనకూడదు. ఆ డబ్బాలోంచి చెంచాతో వాళ్ల చేతే గిన్నెలో వేయిస్తాను. పెట్టొద్దని చెప్పినప్పటికంటే ఇలా చేసినప్పుడే పిల్లలు మాట విన్నారు.

ఒకవేళ తినకూడనిది తినేస్తే, ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు, కుక్క బరువెంత అనే నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. కవర్ ఉంటే వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పని మాత్రం వద్దు. ఉప్పు కూడా విషమవుతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్న రెండు గంటల లోపు చేరితే వాళ్లే ఇంజెక్షన్‌తో జాగ్రత్తగా కక్కిస్తారు. బంటిని మేము వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకుపోయాం. కక్కించారు, సెలైన్ పెట్టారు, మూడు రోజులు రక్తపరీక్షలు చేయించాం, బయటపడింది. పండగ రోజుల్లో ఓపీ వేళలు మారొచ్చు. మీకు దగ్గరలో ఎవరు అందుబాటులో ఉంటారో డిసెంబరులోనే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. మా ఇంట్లో అది ఫ్రిజ్ మీద కాగితం పైన, అన్నిటికంటే ముందు ఉంటుంది.

శబ్దాల గురించి. డిసెంబరు 31 రాత్రి పన్నెండింటికి తిరుపతి అంతా ఒకేసారి పేలుతుంది. మన చెవికి అందే ధ్వని 20,000 హెర్ట్జ్ వరకే, కుక్క చెవికి 45,000 హెర్ట్జ్ వరకు అందుతుంది. మనకు అందని సన్నటి ధ్వనులు కూడా దానికి వినబడతాయి. ఆ రోజు సాయంత్రం అయిదున్నరకే బయట తిప్పి తీసుకొస్తాను. ఏడు గంటలకు తిండి. తొమ్మిదికల్లా వీధికి దూరంగా ఉన్న లోపలి గదిలో కిటికీలు మూసి, కర్టెన్లు దించి, ఫ్యాన్ పెద్దగా పెట్టి, టీవీలో ఏదో ఒక మాటల కార్యక్రమం వేస్తాను. నేను నిద్రపోయిన దుప్పటి నేల మీద పరుస్తాను, నా వాసన ఉంటే చిట్టి నెమ్మదిస్తుంది. మంచం కిందికి దూరితే లాగొద్దు, అది దాని దాపు. దగ్గరికొస్తే నిమరండి. భయపడే కుక్కను దగ్గరికి తీస్తే భయం అలవాటవుతుందని చాలామంది అంటారు, అది తప్పు. భయం ముద్దుచేస్తే పెరిగేది కాదు. పక్కన మనిషి ఉండటమే మందు.

మరీ వణికే కుక్క అయితే డాక్టర్ రాసిచ్చే మందులున్నాయి. కానీ ఆ రాత్రికే మొదటిసారి వేయకండి. వారం ముందు ఒక పూట వేసి ఎలా ఉందో చూడండి. ఇంకో మాట. కొన్ని మత్తుమందులు ఒంటిని కదలనివ్వవు గానీ భయాన్ని తీసేయవు. కుక్క కదలకుండా పడుకుంటే మనకు నెమ్మది, దానికి మాత్రం లోపల నరకం. "దీనివల్ల భయం తగ్గుతుందా, కదలిక తగ్గుతుందా?" అని డాక్టర్‌ను అడగండి. మనం ఇంట్లో వేసుకునే నిద్రమాత్ర ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

భోగి రోజు పొగ, పలకలు కలిసి వస్తాయి. మంట వెలిగించడానికి అరగంట ముందే కుక్కను లోపల పెట్టి గడియ వేయండి. మంట అయిపోయాకే అసలు ప్రమాదం మొదలవుతుంది. పైకి బూడిదగా కనబడుతుంది, కింద నిప్పు ఉంటుంది. చలికి వీధికుక్కలు ఆ వెచ్చటి బూడిదలో పడుకోవడానికి వస్తాయి, పాదాలు, పొట్ట కాలుతాయి. రెండు బకెట్ల నీళ్లు పోసి కర్రతో కలిపి మళ్లీ పోయండి. పాదం కాలితే చల్లటి కుళాయి నీళ్లు పది ఇరవై నిమిషాలు పోసి తడిగుడ్డ చుట్టి తీసుకెళ్లండి. పసుపు, టూత్‌పేస్ట్, నెయ్యి రాయొద్దు.

ముగ్గుల రంగులు పాదాలకు అంటితే నాకేస్తుంది, తిరిగి రాగానే తడిగుడ్డతో తుడవండి. ముగ్గులో సున్నం కలిపితే పాదాలు మండుతాయి. గాలిపటాల దారం తెగిపడి గడ్డిలో ఉంటుంది, కాలికి చుట్టుకుంటే కోస్తుంది. నైలాన్ మాంజాను దేశమంతటా జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. మేడ మీద, వాకిట్లో కనబడిన దారమల్లా చుట్టి పారేయండి.

చుట్టాలు, పిల్లలు వచ్చినప్పుడు కుక్కకు ఒక మూల ఇవ్వండి. దాని చాప, దాని నీళ్ల గిన్నె ఉన్న మూల. అక్కడికి ఏ పిల్లా పోకూడదు. మా ఇంట్లో సుద్దతో గీత గీస్తాను. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోవద్దని పిల్లలను కూర్చోబెట్టి చెబుతాను. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన దాన్ని, పిల్లలకు కారణం చెబితే వింటారని నాకు తెలుసు. కుక్క మొహం తిప్పుకుంటే, మాటిమాటికీ మూతి నాకుకుంటే, నిద్ర లేకుండా ఆవలిస్తే, కంటి తెలుపు కనబడేలా ఓరగా చూస్తే "నన్ను వదిలేయండి" అంటోందని అర్థం. గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే తర్వాతిసారి హెచ్చరిక లేకుండా కరుస్తుంది. గంగిరెద్దు వాకిట్లోకి వస్తే ముందు కుక్కను లోపల పెట్టండి. సన్నాయి, మువ్వలు, అంత పెద్ద ఎద్దు, ఒక్కసారిగా అన్నీ దానికి కొత్తే.

రేబిస్ టీకా ఏటా వేయించారో లేదో పండగకు ముందే కార్డు చూడండి. ఎవరికైనా గీసుకున్నా, కరిచినా మొదట సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టకూడదు. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోయి టీకా మొదలుపెట్టించుకోవాలి. ఇంటి కుక్కే కదా అని ఊరుకోవద్దు.

చలి విషయంలో తిరుపతిలో మరీ టెన్షన్ పడక్కర్లేదు. జనవరి రాత్రుల్లో 20 డిగ్రీల లోపుకు దిగుతుంది, అంతే. పలమనేరు, కుప్పం వైపు పీఠభూమి కాబట్టి చలి ఎక్కువ, మంచు దట్టంగా పడుతుంది. దట్టమైన బొచ్చున్న లాబ్రడార్‌కు, పొమేరియన్‌కు స్వెటర్ అక్కర్లేదు. ముసలివాటికి, కూనలకు, పొట్టి బొచ్చున్న చిన్న జాతులకు కావాలి. బంటికి కీళ్లు పట్టేస్తాయి, పొద్దున లేవడానికి రెండుసార్లు ప్రయత్నిస్తుంది. గచ్చు మీద నేరుగా పడుకోనివ్వను. రెండు గోనెసంచుల్లో పాత చీరలు కూరి కుట్టిన పరుపు వేశాను. టైల్స్ మీద కాళ్లు జారకుండా దారి పొడవునా పాత కార్పెట్ ముక్కలు పరిచాను. స్నానం పదకొండు గంటల ఎండలో, గోరువెచ్చటి నీళ్లతో, పది రోజులకు ఒకసారి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎప్పుడూ పెట్టకండి, ఆ పొగలోని విషవాయువు మనుషులనూ కుక్కలనూ నిద్రలోనే తీసుకుపోతుంది.

కొండ కింద ఉండేవాళ్లకు ఇంకో జాగ్రత్త. శేషాచలం అడవిని ఆనుకునే మన ఊరుంది. అలిపిరి వైపు, యూనివర్సిటీ ఆవరణల్లో చిరుత కనబడిందన్న వార్త తరచూ వింటూనే ఉంటాం. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం. గొలుసుతో కట్టేసిన కుక్క పారిపోనూ లేదు. చీకటి పడ్డాక వాకిట్లో కట్టేయకండి, లోపల పడుకోబెట్టండి. తెల్లవారుజాము నడకలు వెలుగొచ్చాకే.

ఊరికి తీసుకెళ్లేట్టయితే బయలుదేరే మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. తిరుపతి నుంచి చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు, మధ్యలో ఒకసారి ఆపి దింపితే చాలు. దింపే ముందు తాడు చేతికి చుట్టుకున్నాకే తలుపు తీయాలి. రైలులో అయితే ఫస్ట్ ఏసీలో ఒక విడి గది (కూపే లేదా క్యాబిన్) మొత్తం మీ పేరున ఉంటేనే వెంట తీసుకుపోవచ్చు. లేదంటే గార్డు పెట్టెలోని కుక్కల అరలో పంపాలి, దానికి భయపడే కుక్కలను నేనైతే ఎక్కించను. పల్లెలో కుక్కలకు వాటి వాటి హద్దులుంటాయి, మన కుక్క కొత్తది. వచ్చిన రోజు నుంచి తిరిగి పోయే రోజు దాకా తాడు వదలొద్దు. కనుమకు చంద్రగిరి మండలం రంగంపేట లాంటి చోట్ల పశువుల పండగ జరుగుతుంది. పరుగెత్తే ఎద్దులు, కేకలు వేసే జనం మధ్యకు కుక్కను తీసుకుపోవద్దు, ఇంట్లోనే ఉంచండి.

తీసుకెళ్లడం కుదరకపోతే దానికి తెలిసిన మనిషి ఇంటికొచ్చి చూసుకోవడం అన్నిటికంటే మేలు. డబ్బు తీసుకుని కుక్కలను ఉంచుకునే చోటైతే సంక్రాంతికి ముందే నిండిపోతుంది. ఒక నెల ముందు పోయి చూడండి. గచ్చు పొడిగా ఉందా, రాత్రి మనిషి పడుకుంటాడా, టీకా కార్డు అడిగారా అని చూడండి. కార్డు అడగని చోట వదలకండి, మిగతా కుక్కలనూ అలాగే చేర్చుకుని ఉంటారు. ముందు ఒక్క రాత్రి ఉంచి చూసి, దాని పాత దుప్పటి తోడు పంపండి.

వీధిలో ఉండేవాటిని కూడా ఈ కాగితంలో ఒక వరుసగా కలుపుకున్నాను. చలికాలంలోనే మా వీధిలో ఎక్కువ కూనలు కనబడతాయి. ఈ డిసెంబరులో నీళ్ల ట్యాంకు వెనక అయిదు కూనలున్నాయి, రెండు పూర్తిగా నల్లనివి. గాలి తగలని మూలలో అట్టపెట్టె పడుకోబెట్టి గోనెసంచి వేశాను. తల్లికి సంగటి, ఉడికించిన గుడ్డు పెడుతున్నాను. కూనలకు ఆవుపాలు పోయడం లేదు, విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి పాలే చాలు. పొద్దున కారు తీసేవాళ్లు ఎవరైనా సరే, స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి కిందికి వంగి చూడండి. వెచ్చదనానికి ఇంజన్ కింద, చక్రాల వెనక ముడుచుకుని ఉంటాయి. మా వీధిలో ఆరు కార్లున్నాయి, ఆరుగురికీ చెప్పాను, అయిదుగురు కొడుతున్నారు. ఆరో ఆయన బయలుదేరే వేళకు నేనే గేటు దగ్గర నిలబడుతున్నాను.